మబ్బుకోట దొంగల్లో మండలానికొక సీటు

రాబోయే ఆరు నెలల్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో సాహిత్యాన్ని యుద్ధ ప్రాతిపదికన అభివృద్ధి చేసి తీరతామని దేవరాజులు గారు ప్రకటించినప్పుడు నేను ఆ హాల్లోనే ఉన్నాను. ఉండక తప్పదు. ఆహ్వానపత్రాలు, బ్యాడ్జీలు, కరపత్రాలు అన్నీ మదనపల్లెలోని మా ప్రెస్సులోనే అచ్చయ్యాయి. ఎవరి పేరులోనైనా తప్పు పడితే అక్కడికక్కడే తిట్టడానికి ఒక మనిషి కావాలని నన్ను మొదటి వరుసలో కూర్చోబెట్టారు.

ఇది తొంభైల చివర్లో మాట. దేవరాజులు గారు చాలా ఏళ్లుగా పార్టీని నమ్ముకున్న మనిషి. పెద్ద పదవి ఏదో వస్తుందని అందరూ అనుకుంటుండగా పార్టీ ఆయన్ని ప్రాంతీయ సాహిత్య వికాస మండలికి చైర్మన్‌ను చేసింది. ఆ మండలి అంతకు ముందు లేదు, ఆయన కోసమే పుట్టింది. ఇంకొకరైతే అలిగి ఇంట్లో పడుకునేవారు. ఆయన ఆ సాయంత్రమే లెటర్‌హెడ్లు కొట్టించారు. సాహిత్యం విషయంలో ఆయనకు ఎలాంటి పక్షపాతమూ లేదు. ఎవరినీ చదవలేదు కాబట్టి ఎవరి మీదా కోపం లేదు. అంత నిష్పాక్షికమైన చైర్మన్ ఏ ప్రాంతానికైనా దొరకడం కష్టం.

"ముందుగా ఏం చేస్తారు సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"నవల."

"ఎట్లాంటి నవల?"

దేవరాజులు గారు కళ్లు మూసుకుని తెరిచారు. "మన తట్టు వానా లేదు, నీళ్లూ లేవు, ఫ్యాక్టరీ లేదు. ఉండేది రాస్తే అర పేజీ కూడా రాదప్పా. అందుకే లేనిది రాపిస్తాండాము. ఫ్యాంటసీ!"

గట్టిగా చప్పట్లు కొట్టాం. సమావేశం అయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచి, "సాయికుమార్, ఫ్యాంటసీ అంటే ఏమప్పా?" అని అడిగారు. తెలియనిది అడిగి తెలుసుకునే నాయకులు మనకు తక్కువ. నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది.

చెప్పాను. చెబుతుంటే మునీశ్వరి గుర్తొచ్చింది. పుంగనూరు బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూతు నడిపే అమ్మాయి. ఫోనుకూ ఫోనుకూ మధ్య దొరికిన ఖాళీలో కూర్చుని ఒక నవల పూర్తి చేసింది. అచ్చు వేయడానికి ఎంతవుతుందో కనుక్కుందామని ఒకసారి మా ప్రెస్సుకు వచ్చి, విని, తెప్పించిన టీ తాగకుండానే వెళ్లిపోయింది. నవల పేరు 'మబ్బుకోట ఖజానా'. మా మూడు ఊళ్లలో వెతికినా పూర్తయిన ఫ్యాంటసీ నవల అదొక్కటే ఉండింది కాబట్టి పోటీ లేకుండా ఎన్నికైంది.

కథ నాకు బాగా నచ్చింది. మబ్బుల మీద ఒక కోట. అందులో రాజుగారి ఖజానా. దాన్ని దోచడానికి అయిదుగురు దొంగలు జట్టు కడతారు. ఒకడు గాలిలో నడుస్తాడు. ఒకడు తాళం సందులో నుంచి దూరిపోతాడు. ఒకామె మనుషుల గొంతులు దొంగిలిస్తుంది. ఒకడు ఏ జంతువుగానైనా మారిపోతాడు. అయిదోవాడు మాయమాటలవాడు, ఒకే నదిని ఏడుగురు రాజులకు అమ్మినవాడు. ఎవరినైనా బోల్తా కొట్టించే ఈ జట్టు ఒక్క మనిషి దగ్గర మాత్రం ఆగిపోతుంది. ఖజానా గుమ్మం దగ్గర కావలి ఉండే ముసలామె చెంగమ్మ. ఆమెకు మంత్రాలు రావు. లాంతరు ఎత్తి, "ఎవురప్పా నువ్వు? యాడికి?" అని అడుగుతుంది. సూటిగా జవాబు వచ్చేదాకా పక్కకు జరగదు. దొంగలకు అన్ని విద్యలూ వచ్చు గానీ ఆ ఒక్క ప్రశ్నకు సూటి జవాబు రాదు.

"ఈ చెంగమ్మ ఎవరు తల్లీ?" అని మునీశ్వరిని అడిగాను.

"మా అవ్వన్నా. శెనక్కాయ చేలో మంచె మీద కూసోని కావలి కాసేది. ఊరి పెద్దరెడ్డి వచ్చినా అట్లనే అడిగేది. ఆయప్ప తన చేలోకి తాను పోయేదానికి కూడా జవాబు సెప్పి పోవల్లసిందే." ఆమె కళ్లు మెరిశాయి. "నా పేరు అట్టమీద లేకపోయినా పర్వాలేదు. మా అవ్వ మాత్రం పుస్తకంలో ఉండల్ల."

అంత చిన్న కోరిక. నేను ధైర్యంగా హామీ ఇచ్చేశాను.

నవలను పరిచయం చేయడానికి దేవరాజులు గారు మండలాల నాయకులందరినీ పిలిచి సమావేశం పెట్టారు. మునీశ్వరి కథ చదవబోతే ఆపి, సారాంశం ఆయనే చెప్పారు. "ఇందులో ఒక జట్టు ఉండాది. జట్టులో సభ్యులు అయిదుమంది."

కలికిరి నాయకుడు సిద్దప్ప లేచి నిలబడ్డాడు. పార్టీలో ఆయన తెలివికి పేరుంది. "సభ్యులు ఏ మండలం వాళ్లు?"

మునీశ్వరి నవ్వబోయి ఆగింది. వాళ్లది మబ్బుల రాజ్యమని, అక్కడ మండలాలు ఉండవని చెప్పబోయింది. దేవరాజులు గారు చెయ్యెత్తి వారించారు. అనుభవం అంటే అదే. సభ్యులు అనే మాట వినబడగానే సీట్లు ఉన్నాయని, సీట్లు ఉన్నాయంటే పంచాలని ఆయనకు వెంటనే అర్థమైంది.

"ఇంకా అలాట్ కాలేదు," అన్నారు.

అంతే. సాయంత్రానికి కలికిరికి ఒక దొంగ ఖాయమయ్యాడు. తాళం సందులో దూరేవాడు సిద్దప్పే. ఆయన శరీరం ఒకసారి చూసినవాళ్లకు ఇది సాహసోపేతమైన నిర్ణయంగా అనిపించవచ్చు, కానీ ఫ్యాంటసీలో అలాంటి అడ్డంకులు ఉండవని చైర్మన్ గారు భరోసా ఇచ్చారు. గుర్రంకొండ వెంకటరమణప్ప గాలిలో నడిచేవాణ్ని అడిగాడు. వాళ్లకు కొండ ఉంది, కొండ మీద కోట ఉంది, ఎత్తు అలవాటు. కుప్పం ఆంజనేయులు మాయమాటలవాడి సీటు కోసం చాలా మర్యాదగా వాదించాడు. "మా ఊరోళ్లకి తెలుగూ వచ్చు, అరవమూ వచ్చు, కన్నడమూ వచ్చు. ఒక్క భాషతో ఏడుగురు రాజుల్ని మోసం జేసేది యాడన్నా అయ్యే పనేనా? మీరే న్యాయం సెప్పండప్పా." న్యాయం అతని వైపే ఉండింది.

కథలోని దొంగల పేర్లు తీసేసి ఈ పేర్లు పెట్టాం. పుస్తకం ప్రభుత్వ లైబ్రరీలన్నిటికీ పోతుందని, మంత్రిగారు ఆవిష్కరిస్తారని తెలిశాక గొడవ మొదలైంది.

కురబలకోట గంగులయ్య ఆ సమావేశానికి ఆలస్యంగా వచ్చినందువల్ల అతని మండలానికి దొంగ దక్కలేదు. మర్నాడు పొద్దున్నే గొర్రెల మందతో రోడ్డుకు అడ్డం కూర్చున్నాడు. అటూ ఇటూ బస్సులు ఆగిపోయాయి. "దొంగ మా హక్కు! పోరాడి సాధిస్తాం!" అని కార్యకర్తలు నినాదాలు ఇస్తుంటే, బస్సుల్లో వాళ్లు కూడా ఏదో మంచి పనికే అయ్యుంటుందని గొంతు కలిపారు. పోలీసు ఇన్‌స్పెక్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎక్కడయ్యా దొంగ?"

"అదే సార్ మేమూ అడగతాండేది," అన్నాడు గంగులయ్య. "పక్క మండలానికి ఉండాడు, దాని పక్క మండలానికి ఉండాడు. మాకు యాల లేడు? మేము జెండా మోయలేదా?"

ఇన్‌స్పెక్టరు ఇరవై నిమిషాలు విని, టోపీ తీసి తల తుడుచుకుని, ఇది శాంతిభద్రతల సమస్య కాదు, రాజకీయ సమస్య అని తేల్చి వెళ్లిపోయాడు. దేవరాజులు గారు స్వయంగా వచ్చి గంగులయ్యకు నిమ్మరసం ఇచ్చారు. జంతువుగా మారే దొంగ కురబలకోటకు ఇవ్వబడ్డాడు. ఏనుగుగా, పులిగా మారేవాణ్ని గొర్రెగా మార్చమని గంగులయ్యే కోరాడు. జనంలో నుంచి వచ్చిన నాయకుడు జనాన్ని మరిచిపోడు.

అప్పటి నుంచి మా ప్రెస్సు ముందు జీపులు ఆగని పూట లేదు. మహిళా విభాగం నుంచి చిన్నమ్మ గారు వచ్చి, గొంతులు దొంగిలించే ఆమె ఒక్కతే చాలదని, జట్టులో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని పట్టుబట్టారు. యువజన విభాగం వచ్చింది. వర్తక సంఘం వచ్చింది. రిటైర్డు ఉద్యోగులు వచ్చి, పరిగెత్తే దొంగలు వద్దని, కూర్చుని చేసే దొంగతనం ఏదైనా ఉంటే చూడమని అడిగారు. అయిదుగురి జట్టు ముప్పైమంది దాకా పెరిగింది. ప్రూఫులు చూడడానికి అందరూ వచ్చేవారు. ఒక్కొక్కరూ తన పేరు ఉన్న పేజీ తీసి, పేరు చూసుకుని, పక్కవాడి అక్షరాల సైజుతో పోల్చుకుని, సంతకం పెట్టి వెళ్లేవారు. రెండో పేజీ తిప్పినవాణ్ని నేను చూడలేదు. మన పాఠకుల ఏకాగ్రత అలాంటిది.

మునీశ్వరి ప్రతి ఆదివారం పుంగనూరు బస్సు దిగి వచ్చి, కొత్తగా చేరిన దొంగలకు కథలో చోటు చేసేది. ఒకరోజు కలం కింద పెట్టేసింది.

"సార్, కోటలో ఉండేవాళ్లంతా దొంగల్లో చేరిపోయినారు. వంటవాడు, మంగలి, మంత్రి, సేనాపతి ఎవురూ మిగల్లేదు. ఇంగ వీళ్లు దోచేది ఎవుర్ని?"

"ప్రజలు ఉండారు గదమ్మా," అన్నారు దేవరాజులు గారు.

"నవల్లో ప్రజలు లేరు సార్."

"లేకుంటే రాయి. వాళ్లకి పేర్లు పెట్టే పని కూడా లేదు, నీకు సులువు." ఆయన గొంతు తగ్గించారు. "ఇంగోటి. ఆ కావలి ముసలామెను తీసేద్దామా? ఆ సీటు ఎవురూ ఒప్పుకోల్యా. ఒంటరిగా నిలబడల్ల, వచ్చిన ప్రతి ఒక్కరినీ ఎవురు నువ్వు అని అడగల్ల. ముప్పై మందిని పెట్టుకోని ఒక్కరికి కూడా అట్లాంటి మాట పడకూడదమ్మా. మనవాళ్లు నొచ్చుకుంటారు."

మునీశ్వరి ముఖం తెల్లబోయింది. నేను ప్రూఫుల కట్టలోకి తల దూర్చాను, హామీ ఇచ్చింది నేనే కదా.

"ఆమెను తీసేస్తే నవల నాకిచ్చేయండి సార్. పుంగనూరికి తీసకపోతా," అంది. గొంతు పెద్దది చేయలేదు. లేచి నిలబడింది, అంతే.

మంత్రిగారి డేటు అప్పటికే దొరికి ఉంది. దేవరాజులు గారు రెండు నిమిషాలు ఆలోచించి, విశాల హృదయంతో, "ఉండనీ. ఆఖర్న యాడన్నా ఒక మూల ఉండనీ. చిన్న అక్షరాల్లో," అన్నారు. చిన్న అక్షరాల్లోనే వేశాను. కానీ ఒక్క మాట కూడా వదల్లేదు.

ఆవిష్కరణ కుప్పంలో జరిగింది, మంత్రిగారు ఆ దారిన బెంగుళూరు పోతున్నారు కాబట్టి. వేదిక మీద ముప్పైమంది దొంగలూ శాలువాలతో కూర్చున్నారు. కింద కూర్చున్న మునీశ్వరిని ఎవరో గుర్తుపట్టి ఒక పువ్వు ఇచ్చారు. ఒక్కొక్క దొంగనూ పేరు పేరునా మైకులో పిలిచారు. "కలికిరి మండలం నుంచి, తాళం సందు దొంగ, సిద్దప్ప గారు!" అనగానే ఈలలు. "గుర్రంకొండ గాలిదొంగ వెంకటరమణప్ప గారు!" అనగానే టపాసులు. చూడడానికి కన్నుల పండుగగా ఉండింది.

మంత్రిగారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. ఆ వారమే ఆయన శాఖలో ఏవో చెక్‌డ్యాములు కాగితం మీదే కట్టారని పేపర్లలో వచ్చింది. కొంచెం దిగులుగా ఉన్నారు. పుస్తకం చేతికిచ్చారు. ఆఖరి పేజీల దగ్గర తెరుచుకుంది. చిన్న అక్షరాలు కావడంతో కళ్లజోడు పెట్టుకుని మరీ చదివారు. చదువుతూ చదువుతూ ఆయన ముఖం వికసించింది.

"సోదరులారా," అని మొదలుపెట్టారు. "రాత్రంతా మేలుకుని ఈ గ్రంథం పూర్తిగా చదివాను. ఇందులో నన్ను కదిలించిన పాత్ర ఒక్కటే. కావలి! వచ్చిన ప్రతివాణ్నీ, ఎవడివి, ఎక్కడికి అని నిలదీసే కావలి! ప్రజాధనానికి నేను కూడా అలాంటి కావలివాణ్నే. మన పార్టీకి ఈరోజు కావలసింది దొంగలు కాదు, కావలివాళ్లు. ఇక్కడ మీలో కావలివాళ్లు ఎందరున్నారో చేతులెత్తండి!"

వేదిక మీద ముప్పై చేతులూ ఒక్కసారిగా లేచాయి. దేవరాజులు గారు రెండు చేతులూ ఎత్తారు.

"దొంగలెవరైనా ఉన్నారా?" అని మంత్రిగారు గర్జించారు.

ఎవరూ లేరు. అంత నిజాయితీపరులను ఒకే వేదిక మీద చూడడం నా జన్మలో అదే మొదటిసారి.

మర్నాడు నేను ప్రెస్సు తలుపు తీయకముందే అందరూ అరుగు మీద ఉన్నారు. మొదటి ముద్రణ మొత్తం వెనక్కి తెప్పించి, రెండో ముద్రణ వేయాలి. అందులో అందరూ కావలివాళ్లు కావాలి. నిన్నటిదాకా తాళం సందు కోసం కొట్లాడిన సిద్దప్ప ఇప్పుడు తాళం పట్టుకుని నిలబడతానన్నాడు. గంగులయ్య గొర్రెతనం మానేసి కావలికుక్కగా ఉండడానికి సిద్ధపడ్డాడు. త్యాగానికి కూడా ఒక హద్దుండాలి. చిన్నమ్మ గారు కావలివాళ్లలో మూడో వంతు అడిగారు.

కబురు చేస్తే వచ్చిన మునీశ్వరి అందరి మాటా విన్నది. "అట్లనే సార్. అంతా కావలే. మరి దొంగ ఎవురు?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దొంగ లేకపోతే ఇంతమంది కావలి ఎందుకని మంత్రిగారు అడగవచ్చు. అది నిజమైన చిక్కే. దేవరాజులు గారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు.

"ఆ ముసలామె ఉండాది గదమ్మా, చెంగమ్మ. ఆమెకు మండలం లేదు, పార్టీ లేదు, అడిగేవాళ్లు లేరు. ఆమెను దొంగ చేసేయి."

అందరూ "అద్దీ!" అన్నారు. నాకు మాత్రం ఆయన మీద మొదటిసారి ఒళ్లు మండింది. చైర్మన్ కాకపోయి ఉంటే నోటికొచ్చింది అనేవాణ్ని. మునీశ్వరి వైపు చూడలేక మెషీను వైపు చూశాను. ఏడుస్తుందనుకున్నా. కాగితాలు చింపేస్తుందనుకున్నా. ఆమె చీర కొంగు నడుముకు దోపుకుంది.

"రాస్తాను సార్. ఒక ఆదివారం టైమియ్యండి."

రాసింది. నేనే కంపోజ్ చేశాను. చేస్తూ చేస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. ఆఖరి పేజీ దగ్గరికి వచ్చేసరికి లేచి, ఆ అమ్మాయికి టీ తెప్పించాను. ఈసారి తాగింది.

ప్రూఫులు చూడడానికి నాయకులంతా వచ్చారు. ఎవరి పేజీ వాళ్లు తీశారు, పేరు చూసుకున్నారు, పక్కవాడి సైజు చూశారు, సంతకాలు పెట్టి పోయారు. చివరగా దేవరాజులు గారు వచ్చారు. ఆయన పేరు 'ప్రధాన కావలి' అని మొదటి పేజీలోనే ఉంది. తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలి, తీరిక ఉన్నందువల్ల, కథ గురించి కూడా అడిగారు.

"ఆ ముసలామె దొరికిందా మునీశ్వరమ్మా?"

"దొరికింది సార్. ఖజానా గుమ్మం కాడే పట్టుకున్నారు. ముప్పైమందీ చుట్టుకున్నారు."

"శభాష్! ఏమేమి ఎత్తుకోని పోతాండింది?"

"ఏమీ లేదు సార్. ఆమె తలుపు తీసి సూసేటప్పటికే లోపల ఊడ్చినట్టు ఖాళీగా ఉండాది."

దేవరాజులు గారి నొసలు ముడిపడింది. "అదెట్లా? అంతకు ముందర లోపలికి ఎవురన్నా పొయినారా?"

"ఎవురూ పోలేదు సార్. కావలి వాళ్లు తప్ప."

"మరి ఆమె ఏమనింది?"

"చేతులు కట్టేసినారు గదా సార్. అట్లనే నిలబడుకోని, ముప్పైమందినీ వరసగా ఒక్కొక్కరినే అడగతా వస్తాది. ఎవురప్పా నువ్వు? యాడికి పొయింటివి? అని. నవల ఆడికి అయిపోతాది."

దేవరాజులు గారు మునీశ్వరిని చూశారు, నన్ను చూశారు, గోడ మీది క్యాలెండరును చూశారు. బాధ్యత గల నాయకుడికి ఇలాంటి క్షణాలు వస్తూనే ఉంటాయి. అలాంటప్పుడే ఆయన పెద్దరికం బయటపడుతుంది.

"ఇది శానా సీరియస్ విషయం," అన్నారు. "ఖజానా ఖాళీ అయిందంటే ఊరుకునేది లేదు. వెంటనే ఒక ఎంక్వైరీ కమిటీ ఏద్దాం. నవల్లోనే ఏద్దాం. సాయికుమార్, కాగితం తియ్యప్పా. సభ్యుల పేర్లు రాసుకో. మొదట నాది."

నేను కాగితం తీసేలోపలే కలికిరి జీపు వచ్చి ప్రెస్సు ముందర ఆగింది.